మందుల పెట్టె వాడకి వచ్చిన కథ: జామ్‌ఖేడ్ ఆసుపత్రి అనుభవం

మిషనాసుపత్రి గురించి మనవాళ్లలో రెండు రకాల మాటలు వినపడతాయి. 'దొరసాని ఆసుపత్రి లేకపోతే మా అమ్మ నన్ను కని బతికేదే కాదు' అనేది ఒక మాట. 'మందుబిళ్ల చూపించి మతం మార్చారు' అనేది ఇంకో మాట. మొదటి మాట వాడలో పుట్టింది. రెండోది ఎక్కువగా ఊళ్లో పుట్టింది, ఈమధ్య చదువుకున్న మన పిల్లల నోట కూడా వస్తోంది. ఈ రెండింటి మధ్య వాదన ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది గానీ, అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగటం లేదు. ఆసుపత్రి రోగానికి ఏం చేసిందో అందరం చూస్తున్నాం. కులానికి ఏం చేసింది?

ఈ ప్రశ్నకి జవాబు వెతకటానికి మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌ని తీసుకుంటున్నాను. క్రైస్తవ విశ్వాసంతో పల్లెకి వచ్చిన ఇద్దరు డాక్టర్లు 1970లో అక్కడ పెట్టిన ఆసుపత్రి అది. ప్రపంచ ఆరోగ్య రంగంలో దానికి చాలా పేరుంది. ప్రజారోగ్యం చదివే విద్యార్థులకి అదొక పాఠం. కానీ ఆ పాఠాల్లో కులం సంగతి ఒక పేరాలో వచ్చి పోతుంది. నా లెక్కలో మొత్తం కథ ఆ పేరాలోనే ఉంది.

వైద్యానికీ కులానికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల కోసం అంబేద్కర్ తన ఆత్మకథాత్మక రచనలో ఎత్తి చూపిన సంఘటన ఒకటి గుర్తు చేయాలి. కాఠియావాడ్‌లో ఒక దళిత బడిపంతులు తన గోడు వెళ్లబోసుకుంటూ రాసిన ఉత్తరం 1929 డిసెంబరులో గాంధీ పత్రిక 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. ఆ పంతులు భార్య బిడ్డని కని జబ్బు పడింది. డాక్టరు వాడకి రానన్నాడు. ఊరి పెద్ద ఒకాయన రెండు రూపాయల ఫీజుకి పూచీ ఉంటే, రోగిని వాడ బయటికి తీసుకొచ్చే షరతు మీద వచ్చాడు. పచ్చి బాలింతని బయటికి మోసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన పంతులుకిచ్చాడు, పంతులు భార్యకి పెట్టాడు. మళ్లీ అదే వరసలో థర్మామీటరు డాక్టరు చేతికి వెళ్లింది. దీపం వెలుగులో దాన్ని చూసి న్యుమోనియా అని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. ఆ తల్లి చనిపోయింది.

ఈ సంఘటనలో డాక్టరుంది, మందుంది, ఫీజు కూడా ముట్టింది. లేనిది తాకటం ఒక్కటే. నాడి పట్టకుండా, ఛాతీ మీద చెయ్యి పెట్టకుండా చేసే వైద్యం ఏం వైద్యం? అంటరానితనం బడిలో ఉంటే చదువు ఆగిపోతుంది, బావి దగ్గర ఉంటే దాహం తీరదు, రోగి మంచం దగ్గర ఉంటే ప్రాణం పోతుంది. అందుకే మన తాతలకి మిషనాసుపత్రి మందు కంటే ముందు తాకే చెయ్యిగా గుర్తుండిపోయింది.

తెలుగునాట ఆ చేతుల చరిత్ర పెద్దదే. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచింది. నిజాం రాజ్యంలో డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో కుష్టు రోగుల ఆసుపత్రి పెట్టింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ రోగుల శానిటోరియం కూడా ఆ దశాబ్దంలోదే. వీటిలో వాడవాళ్లకి మంచం దొరికింది. కానీ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. అగ్రకులాల రోగులు రావాలంటే చాలా మిషనాసుపత్రులు రాజీ పడ్డాయి. వాళ్లకి విడిగా వంటపాకలు, విడి గదులు కట్టాయి. కులం ఆసుపత్రి గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి రాలేదు, చెప్పులతోనే వచ్చింది.

మరి గేటు లోపల ఏదీ మారలేదా అంటే, మారింది. నర్సు పని అంటే నెత్తురు, చీము, మలమూత్రాలు. అగ్రకులాల ఆడపిల్లలు ఆ పనికి రాలేదు. మిషన్ బోర్డింగు స్కూళ్లలో చదివిన మాల, మాదిగ క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు వచ్చారు. తెల్లచీర కట్టి, నెల జీతం తీసుకుని, ఊరి ఆసామి చెయ్యి పట్టుకుని సూది వేశారు. ఏ చేత్తో ఇచ్చిన మంచినీళ్లు తాగడో, ఆ చేత్తో ఇచ్చిన మందునీళ్లు కళ్లు మూసుకుని తాగాడు. మన మొదటి తరం చదువుకున్న కుటుంబాల్లో ఎన్నింటికి ఒక నర్సమ్మ జీతం పునాదో ఎవరూ లెక్క తీయలేదు, తీయాలి. ఆ కుటుంబాలనే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాకి బయట నిలబెట్టింది. మన దగ్గర వాళ్లకి మిగిలింది బీసీ-సీ కింద ఒక్క శాతం. ఈ విషయం వేరే వ్యాసం అవుతుంది గనక ఇక్కడితో ఆపుతాను.

బాగు చేసి మళ్లీ అదే మురికిలోకి

మిషనాసుపత్రి పద్ధతిలో ఉన్న అసలు లోపం ఆ పని చేసినవాళ్లకే ముందు కనపడింది. విరేచనాలతో పిల్లవాడు వస్తాడు. సెలైను ఎక్కించి బతికిస్తారు. ఇంటికెళ్లి అదే కుంట నీళ్లు తాగి నెల తిరక్కుండా మళ్లీ వస్తాడు, లేదా ఈసారి రాడు. 1964లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో చర్చిల వైద్యసేవ మీద జరిగిన సమావేశం, ఆ తర్వాత 1968లో ప్రపంచ చర్చిల మండలి ఏర్పాటు చేసిన క్రైస్తవ వైద్య కమిషన్, ఇదే ప్రశ్నని ఎదుర్కొన్నాయి. చర్చిల డబ్బూ మనుషులూ దాదాపు అంతా ఆసుపత్రి కట్టడాల చుట్టూ, రోగం వచ్చాక చేసే వైద్యం చుట్టూ తిరుగుతున్నాయని తేలింది. తమ దానధర్మాన్ని తామే ఇలా నిలదీసుకోవటం ఏ మతసంస్థకైనా తేలిక కాదు. మన మఠాలూ ట్రస్టులూ నడిపే ఆసుపత్రుల్లో ఇలాంటి ఆత్మపరిశీలన నాకైతే కనపడలేదు.

మేబెల్, రజనీకాంత్ ఆరోళేలు ఈ ప్రశ్నతోనే జామ్‌ఖేడ్ వచ్చారు. ఇద్దరూ రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివారు. పెళ్లి చేసుకునేటప్పుడే పల్లెల్లో పని చేయాలని నిర్ణయించుకున్నారు. 1960లలో అహ్మద్‌నగర్ జిల్లా వడాలాలోని మిషనాసుపత్రిలో కొన్నేళ్లు పనిచేశారు. ఆసుపత్రి పెరిగింది, రోగులు పెరిగారు, చుట్టుపక్కల పల్లెల ఆరోగ్యం మాత్రం ఉన్నచోటే ఉంది. తర్వాత అమెరికా వెళ్లి ప్రజారోగ్యం చదువుకుని, తిరిగొచ్చి అదే జిల్లాలో కరువుకి పేరుపడ్డ జామ్‌ఖేడ్ తాలూకాని ఎంచుకున్నారు. (ఆ జిల్లా పేరు 2024లో అహిల్యానగర్‌గా మారింది.) ఊరివాళ్లు చూపించిన పాత పశువుల దవాఖానా కట్టడంలో వైద్యం మొదలైంది.

ఊళ్లలోకి వెళ్లి మీకేం కావాలని అడిగితే ఎవరూ ఆరోగ్యం అనలేదు. నీళ్లు అన్నారు, తిండి అన్నారు. 1972 నాటి మహారాష్ట్ర కరువు గురించి విన్నవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. డాక్టరుకి ఇది కొత్త పాఠం కావచ్చు గానీ వాడలో పుట్టిన మనిషికి కాదు. పస్తున్నవాడికి బలం మందు రాసివ్వటం వెక్కిరింపే అవుతుంది.

కరువులో చిన్నపిల్లల కోసం ఊరుమ్మడి వంటశాలలు పెట్టారు. ఊళ్లోని రైతుల సంఘాలు పని పంచుకున్నాయి. ఇక్కడే కులం ఎదురొచ్చింది. ఎవరు వండాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి? అన్ని కులాల పిల్లలూ ఒక్కచోట కూర్చుని తినటం మొదలైంది. మధ్యాహ్న భోజనం దళిత స్త్రీ వండిందని పిల్లల్ని మాన్పించే తల్లిదండ్రుల వార్తలు మనం ఈనాటికీ పేపర్లలో చదువుతున్నాం. యాభై ఏళ్ల కిందట ఒక కరువు తాలూకాలో పిల్లల బంతిని కలపటం ఎంత పెద్ద పనో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. బోర్లు వేయటానికి సాయం దొరికింది. ఊళ్లో బోరు ఎక్కడ వేయాలి? మామూలుగా అయితే సర్పంచి ఇంటిముందు. ప్రభుత్వ బోరు అయినా, దాత బోరు అయినా మన దగ్గర జరిగేది అదే. వాడవాళ్లు బిందె పట్టుకుని దూరంగా నిలబడి, ఎవరైనా పోస్తే తెచ్చుకోవాలి. జామ్‌ఖేడ్‌వాళ్లు స్థలం చూసే నిపుణులతో మాట్లాడి, వీలున్న చోటల్లా బోరు దళితవాడలోనే పడేట్టు చూశారు. కరువులో నీళ్లు పడ్డది అక్కడ. తాగాలంటే మరాఠా ఇంటి ఆడవాళ్లు బిందె ఎత్తుకుని మహార్ వాడకి రావాలి. వచ్చారు.

దీన్ని కొందరు తెలివైన ఎత్తుగడగా మెచ్చుకుని వదిలేస్తారు. నేనలా వదలలేను. 1927లో మహాడ్ చవదార్ చెరువు దగ్గర అంబేద్కర్ వెంట వేలమంది దళితులు నడిచింది ఊరి నీళ్ల మీద మన హక్కు చెప్పటానికి. జామ్‌ఖేడ్‌లో దారి తలకిందులైంది. వాడ నీళ్ల దగ్గరికి ఊరు నడిచొచ్చింది. రెండూ ఒకటే అనను. మహాడ్‌లో దళితులు తమంతట తాము హక్కు తీసుకున్నారు, దెబ్బలు తిన్నారు. ఇక్కడ నిర్ణయం డాక్టర్లది, పరిస్థితి కరువుది. అయినా ఆరోగ్యం పేరుతో వేసిన ఒక గొట్టం బావి కులం గీసిన గీతని చెరపగలిగిందంటే, మన దగ్గర వేలకి వేల బోర్లు వేసిన వాళ్లని ఒక మాట అడగొచ్చు: ఎక్కడ వేశారు?

నర్సు ఎందుకు నిలవలేదు

మొదట్లో ఊళ్లలో పనికి శిక్షణ పొందిన నర్సుల్ని పంపారు. అది కుదరలేదు. పట్నంలో చదువుకున్న ఆడపిల్ల ఒంటరిగా పల్లెలో ఉండలేదు. ఉన్నా ఊరివాళ్లు ఆమె మాట వినరు, ఆమెకి వాళ్ల మాట పట్టదు. అప్పుడు పుట్టింది ఆ ఊరి స్త్రీకే నేర్పుదామన్న ఆలోచన. ఊరే ఎంపిక చేసిన ఒక స్త్రీ, ఎక్కువగా నడివయసులో ఉన్నవాళ్లు, ఎక్కువమందికి అక్షరం ముక్క రాదు. వాళ్లలో దళిత స్త్రీలు చాలామంది.

నేర్పే పద్ధతి చూడండి. వారానికోసారి అన్ని ఊళ్ల స్త్రీలూ జామ్‌ఖేడ్ వచ్చి రాత్రి ఉంటారు. కలిసి వండుకుంటారు, కలిసి తింటారు, ఒకేచోట పడుకుంటారు. మొదట్లో గొణుగుళ్లు లేకపోలేదు. పగలు ఒకటో రెండో విషయాలు నేర్చుకుంటారు. ఆ వారం ఊళ్లో జరిగింది చెబుతారు. ఒకరి ఊళ్లో కాన్పు కష్టమైతే ఆమె ఏం చేసిందో మిగతావాళ్లు వింటారు. మళ్లీ వెళ్లి నేర్చుకున్నది ఊళ్లో ఇంటింటికీ చెబుతారు. పరీక్ష లేదు, సర్టిఫికెట్టు లేదు. ఏళ్ల తరబడి సాగిన చదువు అది. మూడు నెలల ట్రెయినింగు ఇచ్చి బ్యాగు చేతికిచ్చి పంపే సర్కారు పద్ధతికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

వాళ్లు నేర్చుకున్నవి వినటానికి చిన్న విషయాలు. విరేచనాలు పట్టుకున్న పిల్లవాడికి నీళ్లు మాన్పించకూడదు, మరగబెట్టి చల్లార్చిన నీళ్లలో ఉప్పూ చక్కెరా సరైన పాళ్లలో కలిపి పట్టాలి. పుట్టిన బిడ్డకి మొదటి రోజు నుంచే తల్లిపాలు ఇవ్వాలి, ముర్రుపాలు పిండి పారబోయకూడదు. బొడ్డు కోసే బ్లేడు కొత్తదై ఉండాలి, చేతులు సబ్బుతో కడగాలి. కడుపుతో ఉన్న మనిషికి కాళ్లు వాచినా, బిడ్డ అడ్డం తిరిగినా ఆగకుండా ఆసుపత్రికి పంపాలి. టీకాలు ఎప్పుడెప్పుడు. ఒంటి మీద స్పర్శలేని మచ్చ కనపడితే ఏం చేయాలి. దగ్గు వారాల తరబడి తగ్గకపోతే ఏం చేయాలి. ఆ రోజుల్లో మన పల్లెల్లో పిల్లలు చచ్చిపోయింది వీటికే గానీ పుస్తకాల్లో ఉండే వింత రోగాలకి కాదు. ధనుర్వాతం, విరేచనాలు, తట్టు, న్యుమోనియా, వీటన్నిటి కింద ఆకలి.

ఇందులో కాన్పు సంగతి దగ్గర కొంచెం ఆగాలి. మన ఊళ్లలో మంత్రసాని పని ఎవరిది? చాలాచోట్ల మాదిగ స్త్రీది, లేదా మంగలి స్త్రీది. బొడ్డు కోయటం, మాయ పూడ్చటం మైల పనులు గనక ఆమెకి వదిలారు. కాన్పు అయ్యాక ఇల్లు కడుక్కుని శుద్ధి చేసుకున్నారు. ప్రపంచంలో ఎక్కడైనా తల్లినీ బిడ్డనీ బతికించే మనిషిని వైద్యురాలంటారు. ఇక్కడ మాత్రం ఆమె చేసింది వైద్యం కాకుండా కులవృత్తి అయింది. నాలుగు శేర్ల గింజలిచ్చి దొడ్డిదారిన పంపారు. ఆమె తెలివికి పేరు లేదు, ఆమె పొరపాటుకి మాత్రం తిట్లున్నాయి. మహారాష్ట్రలో కూడా దాయి పరిస్థితి ఇంతకంటే గొప్పగా ఏమీ లేదు.

జామ్‌ఖేడ్‌లో ఆ స్త్రీ చేతికి మందుల పెట్టె వచ్చింది. దానితో పాటు ఒక కారణం వచ్చింది. ఎందుకు బ్లేడు కొత్తది కావాలో, ఎందుకు ఫలానా లక్షణం కనపడితే ఆలస్యం చేయకూడదో ఆమెకి తెలుసు. తెలిసిన మనిషి దొడ్డిదారిన రాదు, వీధి గుమ్మంలోంచి వస్తుంది. మొదట్లో అగ్రకులాల ఇళ్లు ఆమెని లోపలికి రానివ్వలేదు. వాకిట్లో నిలబెట్టి మాట్లాడాయి. తర్వాత ఒక ఇంట్లో రాత్రిపూట నొప్పులొచ్చాయి, ఇంకో ఇంట్లో పిల్లవాడు కళ్లు తేలేశాడు. ఆమె చెప్పినట్టు చేస్తే బతికాడు. ఆ ఇంట్లో తలుపు తెరుచుకుంది. కులం మీద ఉపన్యాసం విని తెరిచిన తలుపు కాదది, అవసరం తెరిపించిన తలుపు. అవసరం తీరాక మళ్లీ మూసుకోవచ్చు కదా అంటారా? మూసుకున్నవీ ఉండే ఉంటాయి. కానీ ఆమె రేపు మళ్లీ వస్తుంది, ఎల్లుండి వస్తుంది, టీకాలకి వస్తుంది, కోడలి కాన్పుకి వస్తుంది. రోజూ వచ్చే మనిషిని రోజూ వాకిట్లో నిలబెట్టటం ఏ ఇంటికైనా కష్టమవుతుంది.

కుష్టు విషయంలో ఈ పద్ధతి చేసిన మేలు ప్రత్యేకంగా చెప్పాలి. డిచ్‌పల్లి కాలంలో కుష్టు రోగికి ఆసుపత్రి అంటే ఊరికి దూరంగా ఒక కొత్త ఊరు. ఆ రోజుల్లో అంతకంటే దారి లేదు, అక్కడ దొరికిన గౌరవం బయట దొరకలేదు కూడా. కానీ రోగి రెండో వెలివాడకి వెళ్లినట్టే అయింది. జామ్‌ఖేడ్‌లో ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ తిరిగే ఆడమనిషి గనక ఆడవాళ్ల ఒంటి మీది మచ్చని తొలిదశలోనే గుర్తుపట్టగలిగింది. రోగి ఇంట్లోనే ఉండి మందు మింగాడు. మింగుతున్నాడో లేదో ఆమె చూసింది. అతనితో కూర్చుని టీ తాగింది. వెలి అంటే ఏమిటో తెలిసిన మనిషి ఇంకొకరి వెలిని తీసేయటానికి ముందుకు రావటంలో వింతేముంది?

మరి ఆసుపత్రి ఏం చేసినట్టు? అది లేకపోతే ఇదంతా నిలబడేది కాదు. ఆరోగ్య కార్యకర్త 'ఇది నా వల్ల కాదు, జామ్‌ఖేడ్ తీసుకెళ్లండి' అన్నప్పుడు అక్కడ ఆపరేషన్ చేసే డాక్టరుండాలి, నెత్తురుండాలి. ఆమె రాసి పంపిన రోగిని, అంటే ఆమె చెప్పి పంపిన రోగిని, గేటు దగ్గర చులకన చేయకుండా చూడాలి. ఆమె అనుమానం నిజమైతే ఊళ్లో ఆమె మాటకి విలువ పెరుగుతుంది. ఆసుపత్రి తన గొప్పని ఆమెకి అప్పిచ్చింది అనుకోవచ్చు. డబ్బున్న రోగులు ఫీజు కట్టారు, ఆ డబ్బు ఊళ్ల పనికి ఉపయోగపడింది. కాళ్లు పోయినవాళ్లకి జైపూర్ కాళ్లు అక్కడే తయారుచేశారు. పెద్ద ఇంజినీర్లు రాలేదు, స్థానికులకే పని నేర్పారు.

కొద్ది ఊళ్లతో మొదలైన పని తర్వాత 70 ఊళ్ల దాకా పాకింది. 1971లో ఆ ఊళ్లలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 176 మంది ఏడాది నిండకుండా చనిపోయేవాళ్లు. 1990లలో ఆ లెక్క 30 కంటే దిగువకి వచ్చింది. దేశం మొత్తం మీద అది 70 పైన ఉన్న కాలమది. ఆరోళేలు తమ అనుభవం రాసిన వ్యాసం 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన ఒక సంకలనంలో వచ్చింది. 'అందరికీ ఆరోగ్యం' అని 1978లో అల్మా-అటా సమావేశం ప్రకటించటం వెనక ఉన్న అనుభవాల్లో జామ్‌ఖేడ్ ఒకటి. 1979లో ఆ దంపతులకి మెగసెసే అవార్డు ఇచ్చారు.

అవార్డు కంటే నాకు నచ్చేది 1988 నాటి సంగతి. వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సమావేశంలో జామ్‌ఖేడ్ ఆరోగ్య కార్యకర్త ముక్తాబాయి పోల్ మాట్లాడింది. పైన వేలాడుతున్న పెద్ద దీపాల గుత్తుల్ని చూపించి డాక్టర్లు అలాంటివాళ్లంది. అందమైనవి, ఖరీదైనవి, అందనివి. తనలాంటివాళ్లు చిన్న దీపాలని, ఒక దీపం ఇంకో దీపాన్ని వెలిగించగలదని చెప్పింది. ప్రపంచంలోని పెద్ద డాక్టర్లంతా కూర్చున్న హాలది. చదువురాని పల్లెటూరి స్త్రీ అని మనం జాలిపడే మనిషి వాళ్ల విలువ ఎంతో, తన విలువ ఎంతో తూకం వేసి చెప్పింది.

మతం ఎక్కడుంది, లోపం ఎక్కడుంది

ఇక మతం మాట. ఆరోళేలు క్రైస్తవులు. తమ పనికి ప్రేరణ తమ విశ్వాసమేనని దాచుకోలేదు. చర్చిల నుంచి సాయం వచ్చింది. అయితే వైద్యానికి మతం షరతు పెట్టలేదు. ఆరోగ్య కార్యకర్తల్లో హిందువులు, ముస్లింలు, బౌద్ధం తీసుకున్న దళితులు ఉన్నారు. రోగి సేవకి మతం ఒకటే ప్రేరణ అనుకోనక్కర్లేదు కూడా. అదే మహారాష్ట్రలో 1897 ప్లేగులో సావిత్రిబాయి ఫూలే, డాక్టరైన కొడుకు యశ్వంత్‌తో కలిసి పుణె దగ్గర రోగుల కోసం వైద్యశిబిరం నడిపింది. మహార్ పిల్లవాడొకణ్ణి స్వయంగా మోసుకొచ్చి, అదే ప్లేగు సోకి మార్చి 10న చనిపోయింది. సత్యశోధకుల సేవకి ఏ చర్చీ, ఏ గుడీ వెనక లేదు. ఈ వారసత్వాన్ని వదిలేసి, సేవ అంటే మిషనరీలదేనని మనమే ఒప్పుకోవటం నాకు నచ్చదు. అలాగని మిషనరీ తాకిన రోగిని అడక్కుండా వాళ్ల ఉద్దేశాల మీద తీర్పు చెప్పటం అంతకంటే నచ్చదు.

జామ్‌ఖేడ్ మీద నాకున్న అభ్యంతరాలు వేరు. భూమి ప్రశ్న దగ్గర అది మెత్తగా మాట్లాడింది. స్త్రీలకి చిన్న అప్పులు ఇప్పించింది, బంజర్లలో చెట్లు నాటించింది, కానీ భూమి ఎవరి చేతిలో ఉందో ఆ చేతిని కదపలేదు. ఆసుపత్రి ఆ పని చేయగలదా అంటే చేయలేదేమో. అప్పుడు ఆ పరిమితిని పరిమితిగా చెప్పుకోవాలి.

రెండోది కూలి. జామ్‌ఖేడ్ కార్యకర్తలకి జీతం లేదు. సేవగా చేశారు, బతుకుకి గేదెనో దుకాణాన్నో అప్పు మీద పెట్టుకున్నారు. జీతమిస్తే ఊరి మనిషి కాస్తా సంస్థ ఉద్యోగి అయిపోతుందని వాదన. ఆ వాదనలో కొంత నిజముంది. కానీ దళిత స్త్రీ ఊరికి ఊరికే పనిచేయటం మన చరిత్రలో కొత్త కాదు. దానికి వెట్టి అని పేరు. గౌరవం ఇచ్చాం గనక కూలి అక్కర్లేదనే మాట ఎంత మంచివాళ్ల నోట వచ్చినా జాగ్రత్తగా వినాలి.

ప్రభుత్వం ఈ అనుభవంలోంచి తీసుకున్నది సరిగ్గా ఆ బలహీనతనే. 1977 అక్టోబరు 2న జనతా ప్రభుత్వం ఊరికో ఆరోగ్య కార్యకర్త పథకం పెట్టింది. మూడు నెలల శిక్షణ, నెలకి 50 రూపాయలు. ఎంపికైనవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఊరి పెద్దలు ఎంపిక చేస్తే ఎవరొస్తారో మనకి తెలుసు. దళిత స్త్రీ చేతికి రావలసిన పెట్టె ఊరి పెద్ద మేనల్లుడి చేతికి పోయింది. ఆ పథకం ఎండిపోయింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఆశా వచ్చింది. ఈసారి స్త్రీలే, అదే ఊరివాళ్లే. కానీ చదువుకి ప్రాధాన్యం, రిజిస్టర్లు, పనికింతని పారితోషికం. కార్మికురాలని ఒప్పుకోరు, వాలంటీరంటారు. 2015లో తెలంగాణలో ఆశాలు నెలల తరబడి సమ్మె చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వాళ్ల పారితోషికాన్ని నెలకి 10,000 రూపాయలకి పెంచారు. 2020 కరోనాలో మాస్కు కూడా సరిగా లేకుండా ఇంటింటికీ తిరిగింది వాళ్లే.

దీని పక్కనే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీని పెట్టి చూడాలి. పేదవాడికి గుండె ఆపరేషన్ దొరికింది, దాన్ని తక్కువ చేయను. మా వాడల్లో దానివల్ల బతికినవాళ్లున్నారు. కానీ ఆ పథకంలో వాడ మనిషి ఒక కార్డు. కార్డు తీసుకెళ్లి పట్నంలో చూపిస్తే ప్రభుత్వం కార్పొరేటు ఆసుపత్రికి డబ్బు కడుతుంది. తెలివి అక్కడే, డబ్బు అక్కడే, రోగి ఒక్కడే అటూ ఇటూ తిరుగుతాడు. జామ్‌ఖేడ్ ఆసుపత్రి చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో ప్రయాణం.

మన మండలాల్లో ఆశాల మీద సర్వే చేసే విద్యార్థులు మామూలుగా పారితోషికం ఎంత, పని గంటలెన్ని, టీకాలెన్ని అని రాసుకొస్తారు. ఇంకొన్ని గళ్లు గీసుకోవాలి. ఆమెది ఏ కులం, ఆమెని ఎంపిక చేసింది ఎవరు? ఊళ్లో ఎన్నిళ్లు ఆమెని లోపలికి రానిస్తాయి, ఎన్నిళ్లు అరుగు మీదే మాట్లాడి పంపుతాయి? దాహమంటే ఏ గ్లాసులో ఇస్తారు? ఆమె పంపిన బాలింతని పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఎట్లా పలకరిస్తాడు? ఊళ్లో బోరు ఎక్కడుంది, దాని దగ్గరికి ఎవరు నడిచి వెళ్తారు? ఈ గళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టర్లలో లేవు.